వెల్డింగ్ మిషన్ కొనే ముందు సాయంత్రం ఏడింటికి ఓల్టేజీ చూడండి

పర్లాకిమిడిలో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఇటు గజపతి జిల్లాని, అటు శ్రీకాకుళాన్ని ఊపేసినప్పుడు ఆ షెడ్డు రేకులు పక్కవాళ్ళ పెరట్లో తేలాయి. అందరి ఇళ్ళలో అదే పని కాబట్టి వెల్డింగ్ మేస్త్రీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఇలా కాదు, సొంత మిషన్ ఉండాల్సిందే అనుకున్నాను. కొన్నాను కూడా. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 300 ఆంపియర్లు అని ఉంది, ధర చూస్తే ఐదు వేల లోపే. ఇంతకంటే ఏం కావాలి?

ఇంటికి తెచ్చి రాడ్, అంటే కరిగి అతుకు వేసే పుల్ల, పెడితే ఇనుముకి అతుక్కుపోతుంది. లాగితే ఊడదు. ఊడితే మళ్ళీ అంటుకోదు. రెండు రోజులు మిషన్‌ని తిట్టుకుని, చివరికి మా వీధి మేస్త్రీని పిలిచాను. ఆయన మిషన్ వైపు చూడనైనా లేదు. మల్టీమీటరు తీసి ప్లగ్గులో పెట్టి, "బాబూ, 230 ఓల్టులు ఉండాల్సింది 176 ఉంది. మిషన్‌ది సగం తప్పు, మీ వైరుది సగం" అన్నారు. ఆ తర్వాత మిషన్ మార్చాను, వైరు మార్చాను. ఇప్పుడు మా గేటు, గొడ్ల పాక, మా బావమరిది తోపుడు బండి అన్నీ ఆ షెడ్డులోనే తయారవుతున్నాయి. నేను చేసిన క్రమం తిరగేసి చేస్తే మీకు డబ్బు మిగులుతుంది. ఆ సరైన క్రమమే ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఏం అతికిస్తారో రాసుకోండి

ఒక కాగితం మీద రాబోయే ఏడాదిలో చేయాలనుకున్న పనులు రాయండి. కిటికీ గ్రిల్లు, గేటు, మంచం, నీళ్ళ డ్రమ్ము స్టాండు, పవర్ టిల్లర్‌కి విరిగిన బ్రాకెట్టు. పక్కనే ఆ ఇనుము ఎంత మందమో రాయండి. స్క్వేర్ పైపు 16 గేజ్ అంటే 1.6 మిల్లీమీటర్లు, 18 గేజ్ అంటే 1.2. గేజ్ నంబరు పెరిగితే మందం తగ్గుతుంది, అక్కడ చాలామంది బోర్లా పడతారు. యాంగిళ్ళు, ఫ్లాట్‌లు ఇంటి పనికి మామూలుగా 3 నుంచి 6 మిల్లీమీటర్లు.

ఇప్పుడు రాడ్ లెక్క. కొట్లో 12 నంబరు అని అడిగితే ఇచ్చేది దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల రాడ్. దానికి 60 నుంచి 90 ఆంపియర్లు చాలు. 10 నంబరు అంటే 3.15, దానికి 90 నుంచి 130 కావాలి. 8 నంబరు, అంటే 4 మిల్లీమీటర్లది, 140 పైన అడుగుతుంది. మీ కాగితంలో ఉన్న పనుల్లో నూటికి తొంభై 12 నంబరుతో అయిపోతాయి, మిగిలినవి 10 నంబరుతో. కాబట్టి ఇంటికి కావాల్సింది నిజంగా 140, 150 ఆంపియర్లు ఇవ్వగల మిషన్. "నిజంగా" అన్న మాట దగ్గరే అసలు కథంతా ఉంది. దాని సంగతికి వస్తాను.

పోత ఇనుము, అంటే పాత మోటారు బాడీలు, పంపు కేసింగులు, అతికించడం వేరే విద్య. అల్యూమినియం ఈ మిషన్లతో మర్చిపోండి. ఆ రెండూ ఊళ్ళో మేస్త్రీకే ఇచ్చేయండి.

మిషన్ కంటే ముందు కరెంటు

యాభై రూపాయలు తక్కువకి మిషన్ ఎక్కడ దొరుకుతుందని తిరిగే ముందు ఒక మల్టీమీటరు కొనండి. నాలుగైదు వందలకి వస్తుంది. కొత్తవాళ్ళైతే కొలిచేటప్పుడు పక్కన తెలిసినవాళ్ళని ఉంచుకోండి. మిషన్ పెట్టబోయే చోట ప్లగ్గులో మూడు సార్లు చూడండి: పొద్దున్న, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఏడింటికి. ఏడింటికి అందరి ఇళ్ళలో లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు వేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర ఉన్న ఇల్లైతే 230 ఉండాల్సింది 180కి జారడం మీరే చూస్తారు. గుమ్మా, కాశీనగరం వైపు ఊళ్ళలో బంధువులున్నవాళ్ళని అడగండి, ఫ్యాన్ ఏ వేళకి నెమ్మదిస్తుందో వాళ్ళకి గడియారం చూడకుండానే తెలుసు.

తర్వాత ఇంకో చిన్న పరీక్ష. అదే ప్లగ్గుకి ఇస్త్రీ పెట్టె గానీ నీళ్ళు కాచే హీటర్ గానీ పెట్టి, అది పని చేస్తుండగా పక్క ప్లగ్గులో ఓల్టేజీ చూడండి. ఐదారు ఓల్టులు పడిపోతే ఫరవాలేదు. పదిహేను, ఇరవై పడిపోతే మీ ఇంటి వైరు సన్నంగా ఉందనో, ఎక్కడో జాయింటు వదులుగా ఉందనో అర్థం. ఆ వైరు మీద వెల్డింగ్ చేస్తే రాడ్ కంటే ముందు గోడలో వైరు వేడెక్కుతుంది.

ఎంత లాగుతుందో లెక్క కావాలంటే చెబుతాను. మామూలు చవక ఇన్వర్టర్ మిషన్ 80 ఆంపియర్ల మీద అతుకు వేస్తుంటే గోడ నుంచి 13, 14 ఆంపియర్లు లాగుతుంది. 120 మీద పెడితే 20 దాటుతుంది. ఓల్టేజీ తగ్గితే ఆ అంకె ఇంకా పెరుగుతుంది. అందుకే టీవీ ప్లగ్గు పనికిరాదు. ఫ్రిజ్ పెట్టుకునే 16 ఆంపియర్ల సాకెట్ కూడా 12 నంబరు రాడ్ వరకే. షెడ్డుకి మీటరు దగ్గర నుంచి విడిగా ఒక లైను లాగించండి: 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, లోడు మించితే తనంతట కరెంటు ఆపేసే 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ, నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్. దూరం ఇరవై ముప్పై మీటర్లు దాటితే 6 చదరపు మిల్లీమీటర్లది వేయించండి. ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటే దాన్నీ బాగు చేయించండి, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. మీరు చేయకండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డుల గురించి ఒక్క మాట. పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్లకి వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరు ముప్పై మీటర్లు వేసి, దాని చివర 20 ఆంపియర్లు లాగితే దారిలోనే 20 ఓల్టులు పోతాయి. సాయంత్రం 190 ఉన్న చోట మిషన్‌కి చేరేది 170. పైగా ఆ వైరు చుట్ట విప్పకుండా వాడితే లోపల వేడి పేరుకుని ప్లాస్టిక్ కరుగుతుంది. నా మొదటి మిషన్ కథలో ఆ సగం తప్పు ఈ వైరుదే.

ఇంటి కనెక్షన్‌కి ఎన్ని కిలోవాట్ల లోడు రాయించుకున్నారో బిల్లు మీద ఉంటుంది. ఒకటో రెండో కిలోవాట్లే ఉంటే లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి. మీ గేటు మీరు చేసుకోవడం వేరు, ఊరి వాళ్ళ గేట్లు డబ్బుకి చేసిపెట్టడం వేరు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేస్తే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనుమతి లేని వాడకం అవుతుంది, రెట్టింపు రేటుతో కట్టిస్తారు. వ్యాపారం ఆలోచన ఉంటే ముందే వేరే కనెక్షన్ తీసుకోండి.

ఏ రకం తీసుకోవాలి

కొట్లో మీకు మూడు రకాలు చూపిస్తారు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ నలుగురు మోయాల్సిన బరువు. దుమ్ముకి జడవదు, చెడితే కాయిల్ చుట్టేవాడి దగ్గరే బాగవుతుంది. మేస్త్రీలు ఇప్పటికీ దాన్ని వదలకపోవడానికి కారణం అదే. కానీ అది కరెంటు విపరీతంగా తాగుతుంది. చాలావాటికి రెండు ఫేజులు కావాలి. సింగిల్ ఫేజు ఇంట్లో వద్దు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తే ఆశపడకండి, లోపల రాగి తీసి అల్యూమినియం చుట్టిందేమో బయట నుంచి తెలియదు.

ఇన్వర్టర్ మిషన్ ఐదు నుంచి ఎనిమిది కిలోలు, భుజానికి తగిలించుకోవచ్చు. డీసీ ఇస్తుంది కాబట్టి నేర్చుకునేవాడికి మంట నిలకడగా ఉంటుంది. మన పనికి ఇదే. ఇంట్లో లైట్లకి పెట్టుకునే ఇన్వర్టర్‌కీ దీనికీ సంబంధం లేదు. మా మావయ్య "బ్యాటరీ ఎక్కడ పెడతావు?" అని అడిగారు కాబట్టి చెబుతున్నాను.

మూడోది మిగ్, అంటే వైరు దానంతటదే బయటికి వచ్చేది. సన్న పైపులకి చాలా హాయి. కానీ దానికి అతుకుకి గాలి తగలకుండా కాపాడే గ్యాస్ సిలిండర్ కావాలి, గాలి వీచే ఆరుబయట గ్యాస్ ఎగిరిపోతుంది. సిలిండర్ నింపించడానికి ఎంత దూరం వెళ్ళాలో ముందు కనుక్కోండి. గ్యాస్ అక్కర్లేని వైరుతో నడిచేవి ఉన్నాయి, ఆ వైరు ఖరీదెక్కువ. మొదటి మిషన్‌గా నేనైతే తీసుకోను.

పెట్టె మీది అంకెలు, వెనక రేకు మీది అంకెలు

పెట్టె మీద ఎంతైనా అచ్చు వేయచ్చు. మీరు చూడాల్సింది మిషన్ వెనకో కిందో అతికించిన రేటింగ్ ప్లేటు. అది లేని మిషన్ని ముట్టుకోకండి.

ప్లేటు మీద మూడు సంగతులు చూడండి. ఒకటి, లోపలికి తీసుకునే కరెంటు. దాన్ని ఐ1మాక్స్ అని రాస్తారు. 200 ఆంపియర్లు బయటికి ఇవ్వాలంటే ఆ మిషన్ 28 ఓల్టుల దగ్గర 5600 వాట్లు ఇవ్వాలి. చవక మిషన్ అంత ఇవ్వడానికి గోడ నుంచి 35, 40 ఆంపియర్లు లాగాలి. మరి ఆ మిషన్‌కి 16 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు బిగించి అమ్ముతుంటే? బావిలో ఉంటే కదా చేదలోకి వచ్చేది. 16 ఆంపియర్ల ప్లగ్గుతో నిలకడగా బయటికి వచ్చేది 90 చుట్టుపక్కలే. నా 300 ఆంపియర్ల పెట్టెకి కూడా ఆ ప్లగ్గే ఉండేది. ఈ ఒక్క లెక్క ఆ రోజు తెలిసి ఉంటే అక్కడికక్కడే తిరిగి వచ్చేసేవాణ్ణి.

రెండు, డ్యూటీ సైకిల్. ఎక్స్ అనే అక్షరం పక్కన శాతం ఉంటుంది. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆగకుండా పని చేయగలదో ఆ శాతం చెబుతుంది. 200 దగ్గర 60 శాతం అంటే ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు విశ్రాంతి. అదే 200 దగ్గర 20 శాతం అని ఉంటే లెక్క ప్రకారం అది ఆగకుండా ఇవ్వగలిగేది 90 లోపే. 60 శాతం ఉన్నదైతే 150 దాకా ఇస్తుంది. రెండు పెట్టెల మీదా 200 అనే ఉంటుంది, ధరలో తేడా ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఇంకోటి, ఆ శాతం 40 డిగ్రీల వేడి దగ్గర వేసిన లెక్క. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది, కాబట్టి కొంచెం తగ్గించుకుని చదవండి.

అయినా భయపడక్కర్లేదు. ఇంట్లో మనం ఒక రాడ్ కాల్చి, పొట్టు కొట్టి, గ్రైండర్ పట్టి, మూలమట్టం చూసుకుని, టీ తాగి రెండో రాడ్ పెడతాం. మనకే విశ్రాంతి ఎక్కువ.

మూడు, ఎంత తక్కువ ఓల్టేజీ దాకా తట్టుకుంటుంది. సాయంత్రం మీరు కొలిచిన అంకె జేబులో ఉంది కదా, అది ఇక్కడ తీయండి. కొన్ని మిషన్లు 160 నుంచి 270 దాకా నడుస్తాయి, అలాంటివాటి మీద రాసి ఉంటుంది. మీ ఇంట్లో 200 తగ్గకపోతే దాని కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. 180కి పడిపోతుంటే మాత్రం అదే మొదట చూడండి, మిగతా సోకులన్నీ తర్వాత. ఇంటి స్టెబిలైజర్ పెట్టి నెట్టుకొద్దామనుకోకండి. అది ఈ బరువు మోయలేదు.

హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్, యాంటీ స్టిక్ అని మూడు పేర్లు చెబుతారు. మొదటిది రాడ్ తేలిగ్గా అంటుకోవడానికి, రెండోది మంట మధ్యలో ఆరకుండా, మూడోది రాడ్ అతుక్కుపోకుండా. నేర్చుకునేవాడికి మంచివే, ఇప్పుడు చాలావాటిలో ఉంటున్నాయి. వీఆర్‌డీ అని ఉంటే ఇంకా మంచిది. రాడ్ తాకించనప్పుడు, రాడ్‌ని పట్టుకునే హోల్డర్ దగ్గర ఉండే 60, 70 ఓల్టులని అది బాగా తగ్గించేస్తుంది. చెమటతో, తడి నేల మీద పని చేసే మనకి అది ఉపయోగం.

కొట్టుకి మీ ఇనుము మీరే తీసుకెళ్ళండి

ఒక జానెడు 16 గేజ్ పైపు ముక్కలు రెండు, 5 మిల్లీమీటర్ల యాంగిల్ ముక్కలు రెండు, 10 నంబరు రాడ్లు నాలుగు సంచిలో వేసుకెళ్ళండి. మేస్త్రీ ఎవరైనా తెలిసి ఉంటే బతిమాలి తీసుకెళ్ళండి, టిఫిన్ ఖర్చు మీదే. కొట్టువాడు పరీక్షకి ఒప్పుకోకపోతే "సరే భాయి" అని చెప్పి బయటికి వచ్చేయండి. ఇక్కడ తెలుగులో అడిగితే ఒడియాలో జవాబిచ్చేవాళ్ళు, ఒడియాలో అడిగితే తెలుగులో బేరమాడేవాళ్ళు ఇద్దరూ ఉంటారు. లుహా దుకాణం అన్నా, ఇనుప కొట్టు అన్నా దొరికేది అదే.

110, 120 మీద పెట్టి నాలుగు రాడ్లు వరసగా కాల్పించండి. మూడో రాడ్‌కే వేడెక్కిందని పసుపు లైటు వెలిగి ఆగిపోతే వదిలేయండి. మీటరు మీద కనిపించే అంకెని నమ్మకండి. చవక మిషన్లలో అది మీరు తిప్పిన నాబ్‌ని చూపించేదే తప్ప కొలిచిన కరెంటు కాదు. మేస్త్రీ దగ్గర డీసీ కొలిచే క్లాంప్ మీటరు ఉంటే హోల్డర్ కేబుల్‌కి తగిలించి చూస్తే నిజం బయటపడుతుంది. లేకపోతే ఆయన చెవి చాలు. సరిగ్గా ఉన్న మంట నూనెలో వడియాలు వేగుతున్నట్టు ఒకే తీరున మోగుతుంది.

తర్వాత కేబుల్ చూడండి. చివర ఒక్క పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించిందా, అది రాగి పూత పూసిన అల్యూమినియం. మిషన్ బాగుంటే దాన్ని తీసుకుని, 16 లేదా 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ తర్వాత వేసుకోవచ్చు, కానీ ఆ సంగతి చెప్పి ధర తగ్గించమనండి. పెట్టెలో ఇచ్చే హోల్డర్, ఇనుముకి తగిలించే ఎర్త్ క్లాంపు పల్చగా ఉంటాయి. అవి ఎలాగూ మార్చాలి.

డబ్బు ఎలా పంచుకోవాలి

చేతిలో పదిహేను వేలు ఉంటే అంతా మిషన్ మీద పెట్టకండి. నేను రెండోసారి ఇలా పంచాను: మిషన్‌కి ఏడున్నర వేలు, వైరు, ఎమ్‌సీబీ, సాకెట్‌లకి మూడు వేలు, 4 అంగుళాల గ్రైండర్‌కి రెండు వేల పైన, మిగతాది హెల్మెట్, తోలు గ్లౌజులు, రాడ్లు. ఈ ధరలు ఊరిని బట్టి, నెలని బట్టి మారతాయి, పాళ్ళు మాత్రం అలాగే ఉంచండి.

హెల్మెట్ దగ్గర పిసినారితనం వద్దు. చేతిలో పట్టుకునే గ్లాసుతో ఒక చెయ్యి పోతుంది, కొత్తవాడికి రెండు చేతులూ కావాలి. దానంతటదే నల్లబడే హెల్మెట్ వెయ్యి, పదిహేను వందల మధ్య వస్తుంది. మన కరెంటుకి 10 లేదా 11 నంబరు నలుపు కావాలి. కళ్ళద్దాలు, సినిమా గాగుల్స్ పెట్టుకుని "రెండు చిన్న అతుకులే కదా" అని వేస్తే అప్పటికి ఏమీ తెలియదు. అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మండి లేస్తారు. బంగాళాదుంప చక్రాలు పెట్టుకోమని ఇంట్లో అంటారు, నేనూ పెట్టుకున్నాను, ఒరిగిందేమీ లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పిల్లలు చూస్తూ నిలబడకుండా షెడ్డుకి ఏదైనా అడ్డం ఉండాలి. గోనెపట్టా మాత్రం కట్టకండి, అది అంటుకుంటుంది. రేకు అడ్డం పెట్టండి.

నూలు చొక్కా, బూట్లు. టెర్లిన్ లుంగీ కట్టుకుని కూర్చోవద్దు, నిప్పు రవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. జింకు పూత ఉన్న పైపులు అతికించేటప్పుడు అతుకు పడే చోట పూత గ్రైండర్‌తో తీసేసి, గాలి తగిలే చోట చేయండి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పెట్రోలు, కిరోసిన్ పోసిన డబ్బా ఎంత ఖాళీగా కనిపించినా దాని జోలికి వెళ్ళకండి.

ఎటు వైపు కొనాలి

సరిహద్దు ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. పాతపట్నం దాటితే చవకా, ఇక్కడే చవకా? 2017 జులైలో జీఎస్టీ వచ్చాక పన్ను రెండు వైపులా ఒకటే, ఈ మిషన్లకి 18 శాతం. తేడా ఉంటే అది కొట్టువాడి లాభంలో తేడా. కాబట్టి ధర అడక్కండి, రిపేరు ఎక్కడని అడగండి. వారంటీ మామూలుగా ఏడాది. చెడితే బరంపురం పంపాలా, విశాఖ పంపాలా, ఎవరు పంపుతారు, రవాణా ఖర్చు ఎవరిది, బిల్లు మీద మిషన్ సీరియల్ నంబరు రాస్తారా? విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ, షిప్‌యార్డు ఉన్నాయి కాబట్టి వెల్డింగ్ సామాను, బోర్డు రిపేరు చేసేవాళ్ళు తేలిగ్గా దొరుకుతారు. గుణుపురం నుంచి వచ్చే పాసింజరు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళగలిగే బరువే. ఆన్‌లైన్‌లో రెండు వందలు తక్కువకి వస్తే కూడా ఈ ప్రశ్నలే అడగండి. జవాబు ఫోన్లో దొరక్కపోతే కొట్టే మేలు.

ఇంటికి తెచ్చాక

6013 అనే రకం రాడ్లు ఒక పెట్టె కొనండి, 7018 రకం జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు, వాటిని వాడే ముందు 300 డిగ్రీల పైన ఓవెన్‌లో కాల్చాలి. శ్రావణ భాద్రపదాల్లో 6013 కూడా చెమ్మ పడుతుంది, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి. మొదటి వారం గేటు మొదలుపెట్టకుండా పాత యాంగిల్ ముక్కల మీద గీతలు గీస్తూ కూర్చోండి. సన్న పైపు చిల్లులు పడుతుంటే హోల్డర్‌ని మైనస్‌కి మార్చి, పది ఆంపియర్లు తగ్గించి చూడండి.

మిషన్‌ని గ్రైండర్‌కి రెండు గజాల దూరంలో, గాలికి పైవైపు పెట్టండి. లోపలి ఫ్యాను ఇనప రజను పీల్చుకుంటే బోర్డు కాలిపోతుంది. నెలకోసారి ప్లగ్గు తీసేసి, పది నిమిషాలు ఆగి, బ్లోయర్‌తో బయట నుంచే గాలి కొట్టండి. వాడనప్పుడు పాత దుప్పటి గుడ్డ కప్పి అటక మీద పెట్టండి. మా మిషన్ ఒకసారి ఆన్ చేయగానే టప్ మని ఆగిపోయింది. వారంటీ పోతుందేమోనని టెన్షన్ పడుతూ విప్పించి చూస్తే, వెచ్చగా ఉందని లోపల దూరిన బల్లి బోర్డు మీద ఒక పార్టు రెండు పిన్నులకి అడ్డంగా పడి ఉంది. అప్పటి నుంచి గుడ్డ కప్పడం మా ఆవిడ పని.